నా తొడల గుంతలూ, మా లాడ్లా నడకా

‘ఆ రోజుల్లో’ అని నేను మొదలుపెడితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. పద్నాలుగేళ్ల కిందటి సంగతికి ఆ రోజులేమిటని వాళ్ల అభ్యంతరం. ఇరవై మూడేళ్ల వయసుకూ ముప్పై ఏడుకూ మధ్య ఉన్న దూరం కేలండర్‌లో కొలిచేది కాదని వాళ్లకెలా చెప్పను? ఆ రోజుల్లో ప్రపంచంలోని సమస్యలన్నీ నా ఒంటి మీదే కాపురం పెట్టాయని నాకు గట్టి నమ్మకం. ముక్కు పెద్దది (అది మా బాపు ముక్కు, ఆయనకు మీసం ఉంది కాబట్టి సరిపోయింది, నాకా సౌకర్యం లేదు). జుట్టు పలచన. ఇక వీధిలో నడుస్తుంటే మాదన్నపేట మొత్తం కూరగాయలు కొనడం మానేసి నన్నే చూస్తోందనిపించేది. నిజానికి మాదన్నపేట వంకాయల్ని తప్ప మరెవరినీ అంత పరీక్షగా చూడదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక దున్నపోతు సాయం కావలసి వచ్చింది.

మాది పాలవాళ్ల ఇల్లు. మాదన్నపేట మార్కెట్ వెనక సందులో ముందు ఇల్లు, వెనక కొట్టం. కొట్టంలో పదకొండు బర్రెలు, ఒక దున్నపోతు. దాని పేరు లాడ్లా. ముద్దుల కొడుకు అని అర్థం. ఆ పేరు పెట్టింది మా నాయినమ్మ, పెట్టిన రోజు నుంచి పేరు నిలబెట్టింది కూడా ఆమే. దీపావళి వెళ్లాక వచ్చే సదర్ పండుగకు మావాళ్లంతా దున్నపోతుల్ని పూలతో, గవ్వలతో అలంకరించి డప్పుల మధ్య ఊరేగిస్తారు. ఆ ఒక్క సాయంత్రం కోసం లాడ్లాకు ఏడాదంతా రాజభోగం నడిచేది. నూనె మర్దన, నానబెట్టిన శనగలు, బాదం పప్పు, ఆపిల్ పండ్లు, పొద్దున్నే నాలుగైదు కిలోమీటర్ల నడక. మా ఇంట్లో ఆపిల్ పండు తినాలంటే జ్వరమైనా రావాలి, దున్నపోతుగానైనా పుట్టాలి. నేను రెండోది ఎలాగూ చేయలేను కనుక మొదటిదాని కోసం ఎదురుచూసేదాన్ని.

డిగ్రీ అయ్యాక నాకు సైదాబాద్ వైపు ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆసుపత్రుల పాత రికార్డుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేవడం. మధ్యలో లేచేది ఇరానీ చాయ్‌కి, చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్లకి, నాలుగింటికి వేడిగా వచ్చే సమోసాలకి. మూడో అంతస్తుకు లిఫ్టు ఉండేది. అది చెడిపోయిన రోజున మేం కిందే నిలబడి బాగుచేసేవాడి కోసం ఎదురుచూసేవాళ్లం తప్ప, పక్కనే ఉన్న మెట్ల వంక చూసిన పాపాన పోలేదు.

అలా ఒకటిన్నర సంవత్సరం గడిచాక, వినాయక నిమజ్జనానికి ముందు వారం, మా ఆఫీసుకు ఒక కబురు వచ్చింది. కార్తీక మాసంలో బస్తీ యువకులు పాతబస్తీలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు కబడ్డీ పోటీలు పెడుతున్నారు. మా ఆఫీసులో జిల్లాస్థాయిలో ఆడిన ఒకామె ఉండేది. నలభై ఏళ్లు, మంచి గొంతు, ఆ గొంతుతోనే సగం మందిని అవుట్ చేయగలదు. మేమందరం ఆమెను కెప్టెనక్క అనేవాళ్లం. నేను స్కూల్లో కూతకు వెళ్తే ఒక్కరినైనా కొట్టకుండా తిరిగిరానని ఆమెకెవరో చెప్పారు. (ఆ ఎవరో నేనే. చాయ్ దగ్గర చెప్పుకున్నాను.) వెంటనే నా పేరు రాసేసింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కాలేజీలో చేరాక కబడ్డీ మానేశాను గానీ, కలలో అప్పుడప్పుడు కూతకు వెళ్లేదాన్ని. అందుకే ఆ పోటీలో ఆడాలని నాకు ప్రాణం లాగేసింది. మూడో రోజున కెప్టెనక్క యూనిఫాం పంచింది. ఆకుపచ్చ టీ షర్టు, మోకాలికి జానెడు పైన ఆగిపోయే నల్ల నిక్కరు.

ఇంటికి వెళ్లి గది తలుపేసి, ఆ నిక్కరు తొడుక్కుని చూశాను. మా బీరువా అద్దానికి పక్కనే కిటికీ. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడుతోంది. వెనక్కి తిరిగి మెడ తిప్పి చూసుకుంటే నా తొడల మీద, పైనుంచి కిందిదాకా, గుంతలు. పాలవాళ్ల పిల్లను కాబట్టి నాకు మొదట తోచింది సరిగా తోడుకోని పెరుగు. అవి ఎప్పటినుంచి ఉన్నాయో, నాకు తెలియకుండా నా వెనక ఎంతకాలంగా తిరుగుతున్నాయో తెలియదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఆఫీసు కంప్యూటర్‌లో వెతికితే దాని పేరు సెల్యులైట్ అని తెలిసింది. (ఎవరైనా నా వెనక నుంచి వస్తే గబుక్కున ఎవరిదో హెర్నియా రికార్డు తెర మీదికి తెచ్చేదాన్ని.) పేరు అంత ఘనంగా ఉండేసరికి జబ్బు కూడా ఘనమైనదే అనుకున్నాను. కెప్టెనక్క దగ్గరికి వెళ్లి పొడుగు ప్యాంటు వేసుకుంటానన్నాను.

“ప్యాంటేసుకుంటే గుడ్డ పట్టుకుంటరు. గుడ్డ దొరికితే మనిషి దొరికినట్టే. ఇంకో మాటేందంటే, అందరికి ఒక్కటే డ్రెస్సని రూల్ పెట్టిండ్రు” అంది ఆమె.

“అయితే అక్కా, నాకు మోకాలు నొప్పుంది. నేను స్కోర్ రాస్త.”

ఆమె నా మోకాలి వంక, తర్వాత నా మొహం వంక చూసింది. “సరే, తగ్గితే చెప్పు. నీ పేరైతే కొట్టేయ” అంది. నేను కుర్చీలోకి వచ్చి కూర్చుని, కుంటడం మర్చిపోయానని గుర్తొచ్చి, మళ్లీ లేచి నీళ్ల కోసం కుంటుతూ వెళ్లి వచ్చాను.

అక్కడి నుంచి మొదలైంది నా రహస్య పోరాటం. పోటీకి రెండున్నర నెలలుంది. ఈలోగా గుంతలు పోగొట్టుకుంటే మోకాలు దానంతటదే నయమైపోతుందని నా లెక్క. మొదట ఒక క్రీము కొన్నాను. డబ్బా మీద ఉన్న అమ్మాయి కాళ్లు చూస్తే ఆమెకు ఆ క్రీముతో ఎప్పుడూ పనిపడి ఉండదని ఎవరికైనా తెలుస్తుంది, నాకు తప్ప. తర్వాత కాఫీ పొడి. కాఫీ పొడితో రుద్దుకుంటే కొవ్వు కరుగుతుందని ఎక్కడో చదివాను. మాది నాలుగు తరాలుగా చాయ్ తాగే ఇల్లు. బాత్రూం గుమ్మంలోంచి కాఫీ వాసన వస్తుంటే మా అమ్మ చుట్టాలెవరో వచ్చారనుకుని ముందు గదిలోకి వెళ్లి చూసింది. ఆ తర్వాత ఉపవాసం. నాలుగు రోజులు దోసకాయ ముక్కలు, నిమ్మకాయ నీళ్లు తప్ప ముట్టలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం కీబోర్డు మీద తల వాలింది. నేను ఎక్కిస్తున్న రికార్డులో ఒక పెద్దాయన వయసు ఎనిమిది వేల ఎనిమిది వందలు దాటింది.

చివరగా దొరికింది పొడి బ్రష్ వైద్యం. గట్టి పీచు బ్రష్‌తో పాదాల నుంచి పైకి, గుండె వైపుగా, నీళ్లు తగలకుండా రుద్దుకోవాలట. గట్టి పీచు బ్రష్ ఎక్కడ దొరుకుతుందని నేను ఊరంతా వెతకనక్కర లేకపోయింది. మా కొట్టంలోనే మేకుకు వేలాడుతోంది. చెక్కకు కొబ్బరి పీచు బిగించిన ఆ బ్రష్‌తో బాపు రోజూ లాడ్లా ఒళ్లు తోమేవాడు. లాడ్లా చర్మం చూస్తే ఎక్కడా ఒక్క గుంత లేదు, నల్లగా నున్నగా మెరుస్తుంటుంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? బ్రష్‌ను వేడినీళ్లలో మరిగించి, మంచి వాసన సబ్బుతో కడిగి, ఎండబెట్టి, టవల్లో చుట్టి నా గదిలోకి తెచ్చుకున్నాను. మూడు రోజులు పొద్దునా సాయంత్రం పళ్లు బిగబట్టి రుద్దాను. మండుతుంటే మందు పనిచేస్తోందనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున కొట్టంలో లొల్లి మొదలైంది.

“లాడ్లా బ్రష్ ఏడ బోయిందే? మేక్కే ఉండె గదా” అని బాపు.

“నన్నడుగుతవేంది? నేనేమన్న తల దువ్వుకుంటనా దాంతోని” అని అమ్మ.

సదర్ దగ్గర పడుతుంటే ఎవరో అసూయతో బ్రష్ ఎత్తుకుపోయారని బాపు తేల్చేశాడు. ఎదురింటి పాలాయన మీద అనుమానం కూడా ప్రకటించాడు. ఇంకొంచెం ఆలస్యమైతే రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోయేవి. అంతలో నాయినమ్మ నా గదిలోకి వచ్చి, మంచం కింద వంగి, టవల్ విప్పి, బ్రష్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తలుపు దగ్గరగా వేసింది.

“ఏడ రుద్దుకున్నవ్?”

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చూపించాను. తొడలు రెండూ ఎర్రగా కంది, గీతలు పడి, అక్కడక్కడా పొక్కులు లేచి ఉన్నాయి. గుంతలు మాత్రం ఎక్కడివక్కడే క్షేమంగా ఉన్నాయి. నాయినమ్మ చాలాసేపు చూసి, “నీ తెలివి సల్లగుండ” అని, చెప్పులేసుకోమంది.

మా సందు చివర ఒక డాక్టరమ్మ కూర్చునేది. ఆమె నా తొడలు చూసి, కళ్లద్దాలు సర్దుకుని, “దేంతోని రుద్దుకున్నవమ్మా?” అని అడిగింది. నేను గోడ మీది కేలండర్ చదువుతున్నట్టు నటించాను.

“బర్ల బ్రష్‌తోని డాక్టరమ్మా” అని నాయినమ్మ దాచకుండా చెప్పింది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నవ్వాపుకోవడానికి తీసిందని తర్వాత అర్థమైంది. ముందు పొక్కులకు మందు రాసిచ్చింది. తర్వాత తాపీగా చెప్పింది. “గీ గుంతలు రోగం గాదు. సన్నటోళ్లకు ఉంటయి, లావుటోళ్లకు ఉంటయి. నా దగ్గరికొచ్చే ఆడోళ్లల్ల ఎక్కువ మందికి ఉంటయి, నాకు గూడ ఉన్నయి. తోలు కింద కొవ్వుంటది, దాన్ని పట్టుకోని ఉండె పోగులుంటయి. పోగులు లోపలికి గుంజుతయి, కొవ్వు పైకొస్తది. గంతే.”

“పరుపుకు టాకాలేసినట్టన్నట్టు” అంది నాయినమ్మ.

“గట్లనే.”

“మరి క్రీం రాస్తే పోవా మేడమ్?” అని నేను.

“క్రీం రాస్తే డబ్బ ఖాళీ అయితది. బ్రష్‌తోని రుద్దితే నా దగ్గరికొస్తవ్. నువ్వు చేయాల్సింది ఒక్కటే, కూసునుడు తగ్గించు. రోజు నడువు, మెట్లెక్కు, కాళ్లల్ల బలం పెంచు. కండ గట్టిపడితే పైన సాపుగ కనిపిస్తది. కడుపు మాడ్సుకోకు. నూనెవి, తీపివి తగ్గించి పప్పు, కూరగాయలు, పెరుగు మంచిగ తిను. నీళ్లు తాగు, వేళకు పండుకో. కనిపించుడు తగ్గుతది. మొత్తం పోతయని మాత్రం నేను చెప్ప.”

మొత్తం పోవు అన్న ఒక్క మాటే నా చెవిన పడింది. మిగతాదంతా నాయినమ్మ విన్నది. ఇంటికి రాగానే ఆమె కొట్టంలోకి వెళ్లి లాడ్లా ముందు నిలబడి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. అక్కడ బాపు ఒక కాలు పీట మీద పెట్టుకుని మూలుగుతున్నాడు. మేం లేని ఆ గంటలో ఒక కొత్త బర్రె ఆయన బొటనవేలు తొక్కింది. మూడు వారాలు నడవకూడదని తేలింది. లాడ్లాకు పొద్దుటి నడక లేకపోతే కాళ్లు బిగుసుకుపోయి సదర్ రోజున నాలుగడుగులు కూడా వేయదు. బాపు మొహంలో బొటనవేలి నొప్పి కంటే ఆ నొప్పే ఎక్కువ కనిపించింది.

“గింత ఫికరెందుకురా” అంది నాయినమ్మ. “అది నడ్వాలె, ఇది నడ్వాలె. దానికి శనగలే, దీనికి శనగలే. ఇద్దర్ని కలిపి తోలు.”

“ఆడపిల్లతోని దున్నపోతునా అమ్మా? మంది నవ్వుతరు.”

“నవ్వితే నవ్వనీ. నవ్వుతె నీ వేలు నొస్తదా?”

అలా నేను లాడ్లాతోపాటు సదర్‌కు తయారు కావడం మొదలుపెట్టాను. పొద్దున ఐదున్నరకు నాయినమ్మ రెండు గిన్నెలు పెట్టేది. ఒకటి బకెట్టంత, ఒకటి చారెడంత. రెండింట్లోనూ అవే శనగలు. ముందు లాడ్లాకు పెట్టి, తర్వాత నాకు పెట్టేది. ఆ వరస ఎన్నడూ మారలేదు. (ఆపిల్ మాత్రం మొదటి రోజు నుంచే ఇద్దరికీ సగం సగం వచ్చింది. లాడ్లా ఆ సంగతి గమనించి నా వంక ఒక చూపు చూశాడు.) పొక్కులు మానాక పగ్గం నా చేతికిచ్చారు. మొదటి వారం బాపు పాల ట్రాలీ ఆటోలో కట్టు కట్టిన కాలు బయటికి చాపుకుని మా పక్కనే వస్తూ పాఠాలు చెప్పాడు. “తాడు గట్టిగ గుంజకు, దగ్గరగ పట్టు. దానికి ఎదురు నిలవడకు, పక్కకుండు. మాట్లాడుకుంట నడువు.” ఏం మాట్లాడాలో తెలియక నేను లాడ్లాకు ఆఫీసు సంగతులు చెప్పేదాన్ని. మా మేనేజర్ గురించి నేను అన్నవన్నీ ఇప్పటికీ ఆ దున్నపోతు కడుపులోనే ఉన్నాయి.

మార్కెట్ దాటడమే అసలు పరీక్ష. కూరగాయల బళ్లు దిగే వేళ అది. పాలకూర కట్టలు కనిపిస్తే లాడ్లాకు సదర్ గుర్తుండదు, నేనూ గుర్తుండను. మొదటి రోజే తోటకూర గుట్ట దాకా ఈడ్చుకెళ్లాడు. నా చెప్పు ఒకటి ఆలుగడ్డల కింద దొరికింది. ఉల్లిగడ్డలమ్మే చాచా లేచి నిలబడి తీరుబడిగా అడిగాడు. “బేటీ, కౌన్ కిస్కు ఘుమారా? నువ్వు దాన్ని తిప్పుతున్నవా, అది నిన్ను తిప్పుతుందా?” మార్కెట్ అంతా నవ్వింది. మాదన్నపేట నన్ను చూస్తోందని ఇన్నేళ్లూ ఊహించుకున్నాను. ఆ రోజు నిజంగానే చూసింది. చూసి, నవ్వి, మళ్లీ వంకాయలు ఏరుకుంది. నాకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంది, చచ్చిపోలేదు.

వారాలు గడిచాయి. నేను షూ కొనుక్కున్నాను. లాడ్లా మొండికేస్తే మడమలు నేలకు తన్ని, నడుము దించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని ఆపడం అలవాటైంది. ఆ భంగిమకు జిమ్ముల్లో వేరే పేరుందని తర్వాత తెలిసింది, అప్పటికి దాన్ని లాడ్లా కూసునుడు అనుకునేదాన్ని. ఆఫీసులో లిఫ్టు మానేశాను. చాయ్ ఒకటికి తగ్గించి, బిస్కెట్లు పక్క సీటుకు దానం చేసి, నాలుగింటికి సమోసాల వాసన వచ్చే వేళకు నీళ్ల సీసా పట్టుకుని మెట్ల మీద కిందికీ పైకీ తిరిగేదాన్ని. రాత్రి తొమ్మిదిన్నరకే నిద్ర ముంచుకొచ్చేది. కుంటడం పూర్తిగా మర్చిపోయాను. ఎవరూ అడగలేదు. బాపు వేలు నయమయ్యాక కూడా పగ్గం నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన పక్కన నడుస్తూ, దారిలో కనిపించిన వాళ్లకల్లా “మా బిడ్డ తిప్పుతది” అని వాళ్లు అడగకముందే చెప్పేవాడు. సదర్ సాయంత్రం లాడ్లా డప్పులకు ముందుకాళ్లెత్తి ఆడితే ఎదురింటి పాలాయన కూడా మెచ్చుకున్నాడు.

ఆ మర్నాటి నడకలోనే నా సంగతి తేలింది. పండుగ అయిపోయిన ధీమాతోనేమో, మార్కెట్ మధ్యలో లాడ్లా ఉన్నట్టుండి మెంతికూర బండి మీదికి ఉరికాడు. బండి పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. నేను ఆలోచించలేదు. పగ్గం నడుముకు ఆనించి, మడమలు తన్ని కూర్చుండిపోయి, “లాడ్లా” అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. బండికి మూరెడు దూరంలో ఆగిపోయాడు. (నా బలానికి ఆగాడో, పేరుకు ఆగాడో ఆయనకే తెలియాలి. మార్కెట్ మాత్రం బలమనే అనుకుంది, నేనూ దిద్దలేదు.) ముసలామె కదలకుండా నా వంక చూసి, “ఏం కాళ్లే నీవి. ఇనుము” అంది. ఉల్లిగడ్డల చాచా ఈసారి నవ్వలేదు, చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చి బీరువా అద్దం ముందు అదే నల్ల నిక్కరుతో నిలబడ్డాను. గుంతలు తగ్గాయి. నిజంగా తగ్గాయి, పిక్కలు తేలాయి, తొడలు గట్టిపడ్డాయి, పెరుగు తోడుకుంది. కానీ డాక్టరమ్మ చెప్పినట్టే మొత్తం పోలేదు. పక్క నుంచి ఎండ పడితే కొన్ని ఇంకా పలకరిస్తున్నాయి. చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. ఆ కొన్నింటి కోసం నేను స్కోర్ రాయాలా? ఆ రోజు ఆఫీసుకు మెట్లెక్కి వెళ్లి కెప్టెనక్కతో మోకాలు బాగైందని చెప్పాను.

“నీ మోకాలికేం కాలేదని నాకు ఎరుకనే. ఎన్నొద్దులకు ఒప్పుకుంటవో సూద్దమని ఊకున్న” అంది.

పోటీ కార్తీకం చివరి ఆదివారం, ఒక స్కూలు గ్రౌండులో. బట్టలు మార్చుకోవడానికి మాకొక తరగతి గది ఇచ్చారు. నేను అందరికంటే ఆఖరుగా మార్చుకుని, చేతులతో నిక్కరు కిందికి లాక్కుంటూ తలెత్తితే, అక్కడ మరో ఆరుగురు ఆడవాళ్లు సరిగ్గా అదే పని చేస్తున్నారు. ఒకామెకు కాన్పు చారలు, ఒకామె మోకాలి పైన పాత కాలిన మచ్చ, కెప్టెనక్క తొడల మీద నావి చిన్నబోయేన్ని గుంతలు. తన వంక ఎవరూ చూడకూడదని ఏడుగురమూ నిక్కర్లు లాక్కుంటున్నాం, ఎవరి వంకా ఎవరూ చూడటం లేదు. ముందు నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఎవరూ అడగలేదు, ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. బయటి నుంచి అంపైర్ తలుపు కొట్టేదాకా నవ్వాం.

మొదటి ఆట సులువుగా గెలిచాం. ఫైనల్లో ఎదురుగా వచ్చింది ఒక చీరల షోరూం జట్టు. రోజంతా నిలబడి చీరలు పరిచి మడతపెట్టే ఆడవాళ్లు. కుర్చీ అంటే ఏమిటో తెలియని కాళ్లు వాళ్లవి. పట్టు పడితే వదిలేది లేదు. ఆఖరి నిమిషానికి మేం రెండు పాయింట్లు వెనకబడ్డాం. మా జట్టులో నేనూ కెప్టెనక్కా మాత్రమే మిగిలాం. గీత దగ్గర ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, “పో” అంది. అంతే. గ్రౌండు పక్కన బాపు మీసం నములుతున్నాడు. నాయినమ్మ బర్రెను చూసినట్టు నా కాళ్లే చూస్తోంది.

కబడ్డీ కబడ్డీ అంటూ లోపలికి వెళ్లాను. కుడివైపు ఆమె చెయ్యి తాకాను, వెనక్కి తిరిగాను. అప్పుడు నా మీద పడ్డారు. నేను తాకినామె మడమ పట్టింది, ఒకామె నడుము, మూడో ఆమె సరిగ్గా నా తొడను రెండు చేతులా వాటేసుకుంది. గీత నాలుగడుగుల దూరంలో ఉంది. పడిపోవాలి. కానీ నా ఒళ్లు దానికదే నడుము దించి, మడమలు తన్నింది. దాదాపు రెండు నెలలు వెయ్యి కిలోల మొండితనంతో రోజూ బేరమాడిన కాళ్లు అవి. ముగ్గురు ఆడవాళ్లు వాటికి లెక్కలోకి రాలేదు. కూత ఆపకుండా ఒక అడుగు. ఇంకొకటి. ముగ్గురినీ ఈడ్చుకుంటూ మూడోది. “గుంజు బిడ్డా” అని నాయినమ్మ గొంతు వినిపించింది, అది నాకు చెప్పిందో అలవాటుగా వచ్చిందో తెలియదు. బోర్లా పడి చెయ్యి చాచాను. వేళ్లు గీత దాటాయి. ముగ్గురికి మూడు పాయింట్లు. ఒక్క పాయింటుతో గెలిచాం. కెప్టెనక్క వచ్చి నా మీద పడింది, ఆమె మీద మిగతావాళ్లు పడ్డారు. అందరి కిందా మట్టి తింటూ, నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేననుకున్నాను.

నా వేళ్లు గీత దాటిన క్షణాన్ని మా మేనేజర్ కెమెరాలో పట్టాడు. (లాడ్లాకు నేను చెప్పినవాటిలో సగం ఆ రోజే వెనక్కి తీసుకున్నాను.) ఆ ఫోటోను పెద్దది చేయించి ఆఫీసు గోడకు పెట్టారు. నేను మట్టిలో బోర్లా పడి ఉన్నాను, చెయ్యి గీత మీద ఉంది, పక్క నుంచి సాయంత్రపు ఎండ పడుతోంది. వచ్చేపోయేవాళ్లంతా చూశారు, నేను రోజుకు పదిసార్లు చూశాను. ఆ ఎండలో నా తొడ మీద గుంతలు స్పష్టంగా కనిపిస్తున్నాయని నేను గమనించింది నెల తర్వాత. ఆ నెలంతా నేను చూసింది నా వేళ్లు గీతను ఎంత దాటాయన్నదే.

ఆఫీసు మారినప్పుడు ఆ ఫోటో నాకిచ్చేశారు. ఇప్పుడు మా హాల్లో ఉంది. మొన్న దుమ్ము తుడుస్తూ దాని ముందు ఆగిపోయాను. ఇద్దరు పిల్లల తర్వాత నా గుంతలు కూడా పెద్దరికం సంపాదించాయి. పొద్దున నడుస్తాను, మెట్లెక్కుతాను, సమోసాల దగ్గర మాత్రం అప్పుడప్పుడు ఓడిపోతుంటాను. ఫోటోలోని ఆ పిల్ల కాళ్లలో ఎంత వెతికినా ఒక్క లోపమూ కనిపించలేదు. ఈ కాళ్లను దాచడానికా మోకాలి నొప్పి నటించాను అని నవ్వొచ్చింది, నవ్వు చివర కొంచెం దిగులేసింది. ఆ పిల్లను పిలిచి చెప్పాలనిపించింది, కానీ ఆమె గెలిచి సంబరంలో ఉంది, నా మాట వినేలా లేదు. అంతలో ఒక అనుమానం వచ్చింది. ఇంకో పద్నాలుగేళ్లకు, యాభై ఒకటో ఏట, ఇవాళ్టి నన్ను చూసి కూడా ఇదే మాట అనుకుంటానేమో. గుడ్డ పక్కన పడేసి, మా పెద్దదాన్ని పిలిచి, ఫోన్ చేతికిచ్చి, నన్నొక ఫోటో తియ్యమన్నాను.

“మొకం వరకేనా?” అని అడిగింది.

“కాళ్లు గూడ రావాలె” అన్నాను.